గుర్రానికి నీళ్లిచ్చిన తేదీ

మార్కెట్ యార్డుల్లో కొత్తగా చేరిన మీకోసం పాతరోజుల సంగతి ఏదైనా రాసివ్వమని అడగడానికి మీవాళ్లు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. నన్ను "మాజీ గుమాస్తా గారు" అన్నారు. నేను రిటైరయింది హెడ్ గుమాస్తాగా. చాయ్ తాగి కప్పులు గడప మీద పెట్టి వెళ్లారు. ఈ రెండు సంగతులూ తేదీ వేసి రాసిపెట్టుకున్నాను. అలా రాసిపెట్టుకునే అలవాటు వల్లనే ఒకప్పుడు నా నౌకరీ పోబోయింది, ఆ అలవాటు వల్లనే నిలిచింది. ఆ సంగతే చెబుతాను.

మాది కేతేపల్లి దిక్కు. మా నాయిన ఒక పెద్ద రైతు దగ్గర జీతగాడు. నేను మిషన్ బడిలో చదువుకుని, తెలుగూ ఉర్దూ రాయడం వచ్చినందుకు మహబూబ్‌నగర్ జిల్లాలో, కొత్తకోట దాటాక సడక్ పక్కన ఉన్న ఒక గంజ్ కచేరీలో, అంటే మార్కెట్ ఆఫీసులో, రెండో గుమాస్తాగా చేరాను. గంజ్ పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. వాళ్ల మనుమలు ఇంకా అక్కడే వ్యాపారం చేస్తున్నారు, నా మీద కోపం ఇప్పటికే చాలినంత ఉంది.

నా నౌకరీ హంగామీ, అంటే తాత్కాలికం. ఏటేటా పొడిగించేవాళ్లు. ఆరేళ్లు అలాగే గడిచాయి. కచేరీలో రెండు కుర్చీలు. ఒకటి గంజ్ దారోగా గారిది, ఆయనే కచేరీకి పెద్ద. రెండోది మొదటి గుమాస్తాది. ఆయన పింఛను తీసుకుని వెళ్లిపోయాక ఆ కుర్చీని దారోగా గారు తన టోపీకి, గొడుగుకి ఇచ్చారు. నాకు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఎవరూ నోటితో చెప్పలేదు. చెప్పి ఉంటే అది కూడా రాసేవాణ్ని.

నేను ఆముదాల బస్తా మీద కూర్చునేవాణ్ని. ఆముదాల బస్తా మీద మీరెప్పుడైనా కూర్చున్నారా? గింజలు జారుతూ ఉంటాయి. పొద్దున నిటారుగా కూర్చున్నవాడు మధ్యాహ్నానికి ఒక పక్కకు ఒరిగి ఉంటాడు. అంతకంటే పెద్ద బాధ ఏమిటంటే, ఆ బస్తా ఎవరిదో ఒకరిది. ధర కుదరగానే హమాలీలు వచ్చేవాళ్లు.

"లెవ్వు మున్షీ, నీ కుర్చీ అమ్ముడువోయింది."

వాళ్లు అన్న ప్రతిసారీ గంజ్ అంతా నవ్వేది. ఆరేళ్లలో ఒక్కరు కూడా కొత్త మాట కనిపెట్టలేదు.

నేను నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాను. నాకు ఎవరు ఏ అవమానం చేసినా తేదీ, వేళ, చోటు, ఎందుకు జరిగింది, పక్కన ఎవరున్నారు అన్నీ అందులో రాసేవాణ్ని. ఎప్పటికైనా ఒక పెద్ద అర్జీ పెట్టుకుందామని ఆశ. ఈ పుస్తకం సంగతి గంజ్‌లో ఒక్క మనిషికే తెలుసు. ఆయన మా ముసలి దడువాయి, అంటే కాంటా దగ్గర తూకం వేసేవాడు. ఆయనకు కూడా నేను చెప్పలేదు. నేను రాస్తుంటే ముఖం చూసి కనిపెట్టాడు.

"ఇయ్యాల ఎవ్వని వంతు బిడ్డా?" అని అడిగేవాడు.

*

ఒక ఏడాది చలికాలంలో దారోగా గారు హైదరాబాదు వెళ్లి ఒక కొత్త పిచ్చితో తిరిగి వచ్చారు. అక్కడ ఏదో పత్రికలో "ఈ తేదీన" అని చూశారట. వ్యాపార ప్రపంచంలో ఫలానా తేదీన ఏ ఏడు ఏం జరిగిందో రోజూ వేస్తారట. మా గంజ్ దర్వాజా దగ్గర ఒక పెద్ద నల్ల బోర్డు ఉండేది. పొద్దున్నే ఆనాటి ధరలు దాని మీద పై సగం ఉర్దూలో, కింది సగం తెలుగులో నేనే రాసేవాణ్ని.

"మున్షీ, రేపటి నుంచి ధరల కింద ఒక్క ముచ్చట రాయాలె," అన్నారు దారోగా గారు. "గీ తేదీన వ్యాపారంల ఏం జరిగింది అని. చదివినోనికి ఇల్మ్ రావాలె."

హైదరాబాదు నుంచి తెచ్చిన కాగితం ముక్కలు ఇచ్చారు. అవి తొమ్మిది రోజులకు సరిపోయాయి. మొదటి రోజు నేను "ఈ తేదీన విలాయతిలో ఒక పెద్ద కంపెనీ మొదలైంది" అని రాశాను. పల్లికాయ తెచ్చిన ఒక రైతు నాతో చదివించుకుని అడిగాడు.

"గా కంపెనీ పల్లికాయ కొంటదా?"

"కొనదు."

"మరెందుకు రాసినవ్? నేను ఎడ్లు ఇప్పకుండ నిలవడి ఇన్న."

కాగితం ముక్కలు అయిపోయాక దారోగా గారు, "మన గంజ్ ముచ్చట్లే రాయి. సేట్లను అడుగు," అన్నారు.

అడిగాను. అడ్తీ సేట్లలో, అంటే కమీషన్ వ్యాపారుల్లో, అందరికంటే పెద్దాయన, పల్లికాయ మిల్లు ఉన్నాయన, దిండు మీద నుంచి లేవకుండానే చెప్పాడు: "మా దుకాణం దీపావళి నాడు తెరిచినం." పక్క దుకాణం దీపావళి. దాని పక్కది దీపావళి. ఆ వరుస మొత్తం దీపావళి నాడే పుట్టింది. ఎదుటి వరుసలో కోమటి దుకాణాలు నాలుగు దసరా నాడు మొదలయ్యాయి. తేదీ ఏమిటని అడిగితే, "దీపావళికి తేదీ ఏంది? దీపావళి దీపావళే," అన్నారు.

మీకు ఇది చెప్పాలి. ఆ రోజుల్లో మా గంజ్‌లో ఒకే రోజుకు మూడు తేదీలుండేవి. కచేరీలో ఆజర్, దై, బహమన్ అని ఫసలీ నెలలు. సేట్ల దగ్గర తిథులు. తపాలా ఆఫీసులో ఇంగ్లీషు తారీఖులు. ఫసలీ తేదీ ఏటా ఒకే రుతువులో వస్తుంది. తిథి దానికి లొంగదు, ఒక ఏడు ముందుకు, ఒక ఏడు వెనక్కు జరుగుతుంది. రైతులను అడిగితే వాళ్లు ఏ లెక్కా చెప్పలేదు. "కలరా వచ్చిన ఏడు", "మా బర్రె సచ్చిన ఎండకాలం" అన్నారు.

దారోగా గారికి ఇది చెబితే మండిపడ్డారు. "సాల్ మొత్తంల రెండే దినాలు వ్యాపారం నడిచిందా? కడమ దినాలు అందరు పండుకున్నరా? నాకు తేదీలు కావాలె. లేకుంటే రెండో గుమాస్తా ఎందుకు మనకు?"

చివరి మాట నన్ను తాకింది. ఆ ఏడు ఖర్చు తగ్గించాలని, అక్కరలేని హంగామీ నౌకరీలు తీసేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చి ఉంది. ఎవరు అక్కరలేనివాళ్లో జిల్లా తాలూక్దార్ గారు, అంటే ఇప్పటి కలెక్టరు, స్వయంగా తనిఖీకి వచ్చి తేలుస్తారట.

ఇంటికి పోయి, దారోగా గారి మాటను రాయడానికి నల్ల పుస్తకం తీశాను. పుటలు తిప్పుతుంటే చేతులు ఆగిపోయాయి.

ఆజర్ నెలలో ఒక పుట: గంజ్‌కు మొట్టమొదటి లారీ వచ్చింది, వెనక్కు తిప్పుతూ నా ఒక్కగానొక్క ఉతికిన ధోవతి మీద బురద చల్లింది. బహమన్‌లో ఇంకొకటి: పెద్ద సేటు పల్లికాయ ఒలిచే మిషన్ మొదటిసారి తిప్పాడు, అందరికీ లడ్డూలు పంచారు, నాకు సగం లడ్డూ ఆకులో పెట్టి మెట్టు మీద ఉంచారు. ఇస్ఫందార్‌లో బొంబాయి ఆముదాల ధర మొదటిసారి తారులో, అంటే టెలిగ్రాంలో, వచ్చింది, దాన్ని పట్టుకుని తపాలా ఆఫీసు నుంచి నేను పరుగెత్తాను, తీసుకున్నవాడు నా ముఖం చూడలేదు. రాళ్లతో తూచడం పోయి సర్కారు ముద్ర ఇనుప బాట్లు వచ్చిన రోజు కూడా ఉంది. ఐదు సేర్ల బాటు నా బొటనవేలి మీద పడింది.

గంజ్‌లో ఏ గొప్ప పని జరిగినా అక్కడ నాకొక చిన్నతనం జరిగింది. గొప్ప పనికి ఎవరూ తేదీ వేసుకోలేదు. చిన్నతనానికి నేను వేసుకున్నాను.

మర్నాటి నుంచి బోర్డు నిండింది. నా పుటలో పై సగం మాత్రం బోర్డు మీద రాసేవాణ్ని. కింది సగం, అంటే ధోవతి, లడ్డూ, బొటనవేలు, పుస్తకంలోనే ఉంచేవాణ్ని. సేట్లు పొద్దున్నే వచ్చి బోర్డు ముందు నిలబడడం మొదలుపెట్టారు. ఎన్నడూ నాతో మాట్లాడని పెద్ద సేటు కూడా, "మా మిషన్ ముచ్చట ఎన్నడస్తది మున్షీ?" అని అడిగాడు.

దడువాయి ఒక్కడికే అనుమానం వచ్చింది. "గీ తేదీలన్ని నీకెట్ల యాదున్నయి?" అన్నాడు. చెప్పాను. ఆయన కాంటా గొలుసు పట్టుకుని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

"అంటే గీ గంజ్ కథంత నీ ఏడుపుల భద్రంగ ఉన్నదన్నట్టు!"

*

తాలూక్దార్ గారి తనిఖీ ఫర్వర్ది పన్నెండున ఖాయమైంది. ఫర్వర్ది అంటే ఇప్పటి మీ ఫిబ్రవరి అనుకోండి. ఎండ అప్పుడే మొదలవుతుంది, ఆముదాలు బండ్ల కొద్దీ వస్తుంటాయి.

"ఆ తేదీన ఏమున్నది? చూడు," అన్నారు దారోగా గారు.

చూశాను. ఉంది. నాలుగేళ్ల కిందట సరిగ్గా ఫర్వర్ది పన్నెండునే మా గంజ్‌లో కాంటాకు రాతి గద్దె కట్టడానికి మొదటి రాయి వేశారు. వేసింది అప్పటి తహశీల్దార్ గారు. ఆ తహశీల్దారే పైకి పోయి పోయి ఇప్పుడు తాలూక్దారై తనిఖీకి వస్తున్నారు.

దారోగా గారు కుర్చీలోంచి లేచి నా భుజం మీద చెయ్యి వేశారు. ఆరేళ్లలో మొదటిసారి. "సాబ్ చూసి ఖుష్ అయితే నీ నౌకరీ ముస్తకిల్ చేయిస్త మున్షీ. కుర్చీ బీ ఇప్పిస్త." ముస్తకిల్ అంటే పర్మనెంటు. కుర్చీ మీది గొడుగు వైపు చూపించారు కూడా.

ఆ పుట కింది సగంలో ఏముందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ రోజు బోర్డు మీద ఆ రాయి ముచ్చట నేను ఎంత శ్రద్ధగా రాశానో, అంత శ్రద్ధ నా పెళ్లి శుభలేఖకు కూడా పెట్టలేదు. తాలూక్దార్ గారు మోటారు దిగారు. నాలుగేళ్లలో బాగా లావయ్యారు. ధరలు చదివారు, కింద ఉన్న వరుస చదివారు, మళ్లీ చదివారు. మీసం కింద నవ్వు కనిపించింది. కచేరీలోకి వచ్చి టోపీ కుర్చీలో కూర్చున్నారు. టోపీని, గొడుగును అంతకుముందే దాచేశారు. సేట్లంతా దర్వాజా దగ్గర గుమిగూడారు.

"ఆ రాయి నేనే వేసినట్టు యాదున్నది," అన్నారు ఆయన ఉర్దూలో. "తేదీ నాకే యాదిలేదు. మీకెట్ల తెలిసింది?"

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. దారోగా గారు ఊరుకోలేదు. "హుజూర్, మా కచేరీల దినం దినం దస్తావేజు రాసిపెడతం," అన్నారు.

"తీసుకురా. చూస్త."

దారోగా గారు నా వైపు చూశారు. నేను బస్తా పక్క నుంచి నల్ల పుస్తకం తీశాను. అది తెలుగులో ఉంది. తాలూక్దార్ గారికి తెలుగు చదవడం రాదు. "నువ్వే చదివి చెప్పు," అన్నారు.

నిలబడి ఉర్దూలో చెప్పడం మొదలుపెట్టాను. తహశీల్దార్ సాహెబు వచ్చారు. రాయి వేశారు. పూలదండలు వేశారు. షర్బత్ పంచారు. అక్కడికి ఆపాను. దారోగా గారు హాయిగా ఊపిరి వదిలారు.

"ఆగినవేంది? పుట నిండ రాసి ఉన్నది," అన్నారు తాలూక్దార్ గారు. ఆయనకు తెలుగు రాకపోయినా కళ్లున్నాయి.

దారోగా గారు దగ్గారు. ఆ దగ్గు అర్థం నాకు తెలుసు. ఏదో ఒకటి కల్పించి చెప్పమని. వాతావరణం గురించి, పంట గురించి. ఉర్దూలో రెండు మంచి ముక్కలు చెబితే నౌకరీ నిలుస్తుంది, కుర్చీ వస్తుంది. ఇంట్లో నాకు భార్య, ఇద్దరు పిల్లలు, కళ్లు కనిపించని నాయిన.

కానీ ఆ పుస్తకంలో నేనొక్క అబద్ధం రాయలేదు. కింది సగం దాచుకుని వేరే ఏదో చదివితే, పై సగం నిజమని నేనే ఎట్లా నమ్మేది? ఇదంతా ఇప్పుడు ఆలోచించి రాస్తున్న మాట. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నా మనసులో ఉన్నది ఒక్కటే. నాలుగేళ్లుగా ఈ మనిషికి చెప్పాలనుకున్న మాట ఇది, ఆయనే నోరు తెరిచి అడుగుతున్నాడు.

చదివాను.

"పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా సాహెబు గారి గుర్రం కళ్లెం నేను పట్టుకున్నాను. నేను గుమాస్తానని సాహెబుకు ఎవరూ చెప్పలేదు. సాహెబు అడగలేదు. ఎండ చాలా ఉంది. గుర్రానికి బకెట్ నీళ్లు తెచ్చారు. నాకు తేలేదు."

దారోగా గారు గోడ వైపు చూస్తున్నారు. నా నౌకరీ పోయిందని నాకు అర్థమైంది. విచిత్రం ఏమిటంటే, ప్రాణం హాయిగా ఉంది.

"ఏ గుర్రం?" అన్నారు తాలూక్దార్ గారు.

"తెల్లది హుజూర్. ఎడమ చెవి కొస తెగి ఉంది."

"కరిచిందా?"

"రెండుసార్లు. అవతలి పుటలో రాశాను."

ఆయన ముందు గొంతులోనే నవ్వారు, తర్వాత పొట్ట కదిలేలా నవ్వారు. "నన్ను మూడుసార్లు కరిచింది. అమ్ముదమంటె కొన్నోడు లేడు!" అని, నవ్వు ఆగాక దారోగా వైపు తిరిగి, "పానీ మంగావ్," అన్నారు.

దారోగా గారు గ్లాసు నీళ్లు తెచ్చి ఆయనకు అందించబోయారు. "నాకు గాదు. ఆయనకు. నాలుగేండ్ల సంది ఎదురు చూస్తున్నడు."

సాహెబు తాగే గ్లాసే అది. అందరూ చూస్తుండగా తాగాను. పూర్తిగా తాగాను.

"ఇంకేమున్నది గీ పుస్తకంల? చదువు."

"చాలా ఉంది హుజూర్. నిలబడి చదవలేను."

ఇంత మొండితనం ఆ రోజు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. తాలూక్దార్ గారు దారోగా గారి కుర్చీ వైపు చూశారంతే. దారోగా గారే దాన్ని నా వెనక్కు జరిపారు. కూర్చుని గంటసేపు చదివాను. లారీ, తారు, బాట్లు అన్నీ చదివాను. ఎవరి పుట వస్తే వాళ్లు ఒక అడుగు వెనక్కు వేస్తున్నారు. లడ్డూ పుట వచ్చింది.

"అరె! సగం లడ్డూ సుత రాసినవా?" అన్నాడు పెద్ద సేటు దర్వాజా నుంచి.

"నిజమేనా?" అని అడిగారు తాలూక్దార్ గారు.

"నాకు యాదిలేదు హుజూర్. ఎన్కటి ముచ్చట."

"ఆయనకు యాదున్నది," అన్నారు తాలూక్దార్ గారు.

*

తాలూక్దార్ గారు ఏ మాటా ఇవ్వకుండానే మోటారెక్కి వెళ్లిపోయారు. అది కూడా రాసుకున్నాను. దారోగా గారు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. రెండో గుమాస్తా "గంజ్‌లో జరిగే ప్రతి విషయాన్ని కచ్చితంగా రాసిపెట్టే మనిషి" కనుక నౌకరీ ముస్తకిల్ చేయడమైనది, ఒక కుర్చీ మంజూరు చేయడమైనది. పాత కుర్చీ ఇస్తే చాలునని దారోగా గారు అన్నారు. ఉత్తర్వులో "కొత్త కుర్చీ" అని ఉందని నేను వేలు పెట్టి చూపించాను. గొడుగు కూర్చున్న కుర్చీ నాకు వద్దు.

ఆ మధ్యలో ఒకరోజు పెద్ద సేటు కాగితంలో చుట్టి ఒక పొట్లం పంపాడు. విప్పితే సగం లడ్డూ. కచ్చితంగా సగం. చక్కెర ఎక్కువైంది, రాసుకున్నాను. పొట్లం మాత్రం నా చేతికే ఇమ్మని తన దుకాణం గుమాస్తా మునీంతో చెప్పి పంపాడట. అది కూడా రాసుకున్నాను. ఆ పుస్తకంలో ఫిర్యాదు కాని వాక్యం అదొక్కటే అనుకుంటాను.

కొత్త కుర్చీ వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. అప్పటికి యుద్ధం మొదలై పెట్రోలు దొరక్క లారీలు బొగ్గు గ్యాసుతో నడుస్తున్నాయి. అలాంటి లారీ మీద, మసి పట్టి, చింకి గోనె చుట్టుకుని దిగింది. హమాలీలు దాన్ని పల్లకీలా భుజాల మీద ఎత్తుకుని గంజ్ అంతా తిప్పారు.

"జరుగుండ్రి, జరుగుండ్రి! అమ్ముడువోని కుర్చీ వస్తాంది!"

ఏడున్నరేళ్లకు కొత్త మాట కనిపెట్టారు. దడువాయి దాన్ని నేరుగా కచేరీలోకి పోనివ్వలేదు. గంజ్‌లోకి వచ్చిన సరుకు ఏదైనా తూకం వేయాల్సిందేనని పట్టుబట్టి, తాలూక్దార్ గారు రాయి వేసిన ఆ గద్దె మీదే, కాంటాకు కట్టి తూచాడు. తర్వాత మసి తుడిచి కచేరీలో పెట్టి, "ఇగ కూసో బిడ్డా," అన్నాడు.

కూర్చున్నాను. జారలేదు. ఒరగలేదు. ఎవరూ లెమ్మనలేదు. దర్వాజా నిండా హమాలీలు, వాళ్ల వెనక సేట్లు. దారోగా గారు తన కుర్చీలోంచి చూస్తున్నారు. నేను అలవాటుగా నల్ల పుస్తకం తీసి తేదీ వేశాను. తేదీ కింద రాయడానికి ఏమీ తోచలేదు. ఎవరూ ఏమీ అనలేదు, ఏమీ చల్లలేదు, నీళ్లు కూడా ముందే తెచ్చి పెట్టారు. కలం పట్టుకుని అలాగే కూర్చున్నాను.

దడువాయికి అర్థమైంది. దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు:

"ఏదన్న ఒక్క తప్పు పట్టు బిడ్డా. నువ్వు రాయకుంటే గీ దినం ఎవ్వనికి యాదుండది."

ఆయన మాట నిజమే. నేను కుర్చీలో ఇటు కదిలాను, అటు కదిలాను. వంగి కిందికి చూశాను. దేవుడి దయ, కుర్చీ వెనక ఎడమ కాలు ఒక వేలెడు మందం పొట్టిగా ఉంది.

రాశాను.